44,840 రూపాయలు, 196 నిమిషాలు: నేను చేసిన వాయిస్ ఓవర్ కోర్సు

ఖమ్మంలో మా అన్నయ్యకి ఫ్లెక్స్ ప్రింటింగ్ షాపు ఉంది. దాని వెనకాల రోల్స్ పెట్టుకునే గదిలో ఒక మైకు, పాత కంప్యూటరు పెట్టుకుని నేను ఆటో మైకులకి రికార్డింగ్ చేస్తుంటాను. "ఆషాఢం ఆఫర్, ఆషాఢం ఆఫర్" అని మీ వీధిలో ఆటో అరుచుకుంటూ పోయిందంటే, మా వైపు అయితే అది నా గొంతే అయ్యుండొచ్చు. పదకొండేళ్లుగా ఇదే పని. చీరల షాపులు, కాలేజీ అడ్మిషన్లు, కంటి శిబిరాలు, ఎలక్షన్లు వస్తే అన్ని పార్టీలూ. పొద్దున ఒక పార్టీని తిట్టి, మధ్యాహ్నం అదే పార్టీకి ఓటెయ్యమని బతిమాలిన రోజులు కూడా ఉన్నాయి.

ఒకసారి ఒక బట్టల షాపాయన యూట్యూబులో వేసుకోడానికి 30 సెకన్ల యాడ్ చెప్పమన్నాడు. చెప్పి పంపాను. గంటలో ఫోన్ చేసి, "గొంతు బాగుంది తమ్ముడూ, కానీ ఫోన్‌లో వింటుంటే సంతలో నిలబడ్డట్టుంది" అన్నాడు. వేరేవాళ్లతో చెప్పించుకున్నాడు. నాలుగు రోజులు నిద్ర పట్టలేదు. ఆ కసిలోనే హైదరాబాద్‌లో వాయిస్ ఓవర్, డబ్బింగ్ నేర్పే ఒక ఇన్‌స్టిట్యూట్‌లో చేరాను. శని, ఆదివారాలు క్లాసులు, మూడు నెలల కోర్సు. ఈ రివ్యూ దాని గురించే. పేరు మాత్రం రాయను. నేను చెప్పబోయే తప్పులు ఆ ఒక్క చోటే జరుగుతున్నాయని నాకు అనిపించడం లేదు, పేరు రాస్తే మీరు ఆ ఒక్కదాన్నే పక్కన పెట్టి ఇంకో చోట అదే గోతిలో పడతారు.

మార్కులు ముందే చెప్పేస్తాను: ఐదుకి మూడు. ఆ మూడూ ఇద్దరు మనుషులకి. ఇన్‌స్టిట్యూట్‌కి విడిగా వెయ్యమంటే ఒకటి కూడా కష్టమే.

ఫీజు దగ్గర మొదలుపెడతాను. ప్రకటనలో 38,000 అని ఉంది. రసీదు రాసేటప్పుడు 18 శాతం జీఎస్టీ కలిపి 44,840 అన్నారు. పన్ను కట్టాల్సిందే, దానికి నా పేచీ లేదు, కానీ ఫోన్‌లో మూడుసార్లు మాట్లాడినప్పుడు ఒక్కసారైనా ఆ మాట అనాలి కదా. బ్యాచ్‌కి ఎనిమిది మందే అన్నారు. మొదటిరోజు వెళ్లేసరికి పద్నాలుగు మంది ఉన్నాం. కుర్చీలు చాలక ఒకమ్మాయి యూపీఎస్ మీద కూర్చుంది. రికార్డింగ్ చేసే చిన్న గది, అదే బూత్, మాత్రం ఒక్కటే.

అక్కడే నాకొక ఆలోచన వచ్చింది. ఆటో మైకు లెక్కలు రాసుకునే నోటుబుక్కు ఎప్పుడూ జేబులో ఉంటుంది. అందులో చివరి పేజీ తీసి, మైకు ముందు నేను నిజంగా ఎన్ని నిమిషాలు నిలబడ్డానో రాయడం మొదలుపెట్టాను. మొత్తం క్లాసులు 24, ఒక్కోటి మూడు గంటలు. ఎలక్షన్ రికార్డింగులు మీద పడి రెండు పోగొట్టుకున్నాను, అది నా తప్పు. వెళ్లిన 22 క్లాసుల్లో మైకు ముందు నా వాటా 196 నిమిషాలు. అంటే క్లాసుకి తొమ్మిది నిమిషాలు కూడా పడలేదు. ఫీజుని దాంతో భాగిస్తే నిమిషానికి 229 రూపాయలు. ఖమ్మం నుంచి రానూపోనూ ఖర్చు, తిండి ఇందులో లేవు.

శనివారం పొద్దున్నే శాతవాహన ఎక్కి సికింద్రాబాద్‌లో దిగడం, అక్కడి నుంచి మెట్రోలో యూసఫ్‌గూడ. రాత్రికి కృష్ణానగర్‌లో మా ఊరబ్బాయి గదిలో పడక. వాడు సినిమాల్లో అసిస్టెంట్ డైరెక్టరు కావాలని వచ్చి ఆరేళ్లయింది. ఆ గదిలో ఉండే ఐదుగురూ ఏదో ఒకటి కావాలని వచ్చినవాళ్లే. నేను వెళ్తే ఆరోవాణ్ని. ఆదివారం రాత్రి బస్సులో తిరుగు ప్రయాణం.

ఇప్పుడు మంచి గురించి.

మాకు మొదటి నాలుగు వారాలు ఒక పెద్దావిడ చెప్పారు. చాలా ఏళ్లు రేడియో నాటకాల్లో వేశారు. అరవై దాటి ఉంటాయి. చేతిలో జనపనార సంచి, అందులో ఫ్లాస్కులో వేడినీళ్లు. ఆవిడ మొదటి రెండు వారాలు మమ్మల్ని మైకు ముట్టుకోనివ్వలేదు. నా నోటుబుక్కులో ఆ నాలుగు క్లాసులకీ సున్నాలే ఉన్నాయి. నాకు ఒళ్లు మండిపోయింది. ఆఫీసులో అడిగాను కూడా, "డబ్బులు కట్టింది మైకు కోసమా, ముక్కు మూసుకుని కూర్చోడానికా" అని. ఇప్పుడు చూసుకుంటే ఆ నాలుగు సున్నాలే నాకు ఎక్కువ పనికొచ్చాయి. నిమిషాల లెక్క గొప్పదే కానీ, దానికి దొరకనివి కూడా ఉన్నాయని ఒప్పుకోవాలి.

ఏం చేయించేవారంటే, ఫోన్‌లో ఆకాశవాణి వార్తలు పెట్టి కళ్లు మూసుకోమనేవారు. చదివే ఆయన ఊపిరి ఎక్కడెక్కడ తీసుకున్నారో వేళ్ల మీద లెక్కపెట్టాలి. మొదటిసారి ఐదు నిమిషాల బులెటిన్‌లో నాకు దొరికినవి మూడు. ఆవిడ లెక్క ఇరవై పైన. మూడోవారానికి నాకు కూడా వినపడటం మొదలైంది. వినపడ్డాక నా పాత రికార్డింగులు వింటే భయం వేసింది. ప్రతి వాక్యానికీ ముందు దమ్ము తీసినట్టు హుఫ్ మని ఊపిరి. ఆటోలో, ట్రాఫిక్‌లో అది ఎవరికీ వినపడదు. ఇయర్‌ఫోన్స్‌లో అయితే పక్కనే పరిగెత్తుకొచ్చి నిలబడి మాట్లాడినట్టు ఉంటుంది.

తర్వాత అక్షరాలు. పదోతరగతి దాకా తెలుగు మీడియంలో చదివినవాణ్ని, నాకు అక్షరాలు నేర్పేదేంటని లోపల కొంచెం పొగరు. ఆవిడ నన్ను పాత స్క్రిప్టు ఏదైనా చదవమన్నారు. నోటికి వచ్చిన కంటి శిబిరం ప్రకటన అందుకున్నాను. కొండంత రాగం తీసి "మీ కల్లు ఉచితంగా పరీక్షించుకోండి" అన్నాను. ఆవిడ ఆపేసి, "ఊళ్లో అందరి కల్లూ పరీక్ష చేయించావా నాన్నా? పులిసిందా లేదా అని?" అన్నారు. క్లాసంతా నవ్వింది. నాకు మొదట అర్థం కాలేదు. కళ్లు, కల్లు. పదకొండేళ్లుగా ఎన్ని శిబిరాలకి చెప్పానో, మా డాక్టర్లు ఒక్కరూ అనలేదు. వాళ్లకీ తేడా తెలియలేదో, మొహమాటమో.

ళ చెప్పాలంటే నాలుక కొస వెనక్కి మడిచి అంగిట్లో కాస్త పైకి తగిలించాలి. ల అయితే పళ్ల వెనకే. తెలిసిన సంగతే, కానీ వేగం పెరిగేసరికి నాలుక బద్ధకిస్తుంది. "ఎర్ర లారీ తెల్ల లారీ" చిన్నప్పుడు ఆటకి అనుకునేవాళ్లం. ఆవిడ దాన్ని మొదట నత్తనడకన చెప్పించి, ఒక్కో చుట్టుకీ కొంచెం వేగం పెంచేవారు. తడబడ్డ చోట ఆపి మళ్లీ మొదటికి.

అన్నిటికన్నా నాకు నచ్చింది కాగితం ముక్క పాఠం. పేపరులోంచి రెండు వేళ్ల వెడల్పు ముక్క చింపి పెదాల ముందు పట్టుకోవాలి. "పలక" అంటే కాగితం కదిలీ కదలనట్టు ఉండాలి. "ఫలం" అంటే ఎగరాలి. మా పద్నాలుగు మందిలో పదిమందికి ఎగరలేదు, ఎందుకంటే మేం ఫలాన్ని పై పళ్లు కింది పెదవికి తగిలించి ఇంగ్లీషు ఎఫ్‌లా అంటున్నాం. రెండు పెదాలూ మూసి, గాలితో తెరిస్తేనే అది మన ఫ. భార్య, భయం, భోజనం కూడా అంతే, ఒత్తు లేకపోతే "బార్య", "బయం". సరే, కష్టపడి ఒత్తు నేర్చుకున్నాం. తీరా మైకు ముందుకు వెళ్తే ఆ గాలే తగిలి స్పీకర్‌లో ధబ్ మని మోగుతోంది. ఇన్ని రోజులూ నేర్పింది ఇందుకా అని మేం గోల పెడితే ఆవిడ నవ్వి, మా చేతిని తీసుకుని కొలిచి చూపించారు. బొటనవేలు పాప్ ఫిల్టర్‌కి, అంటే మైకు ముందు గాలి తగలకుండా పెట్టే జల్లెడ లాంటి తెరకి తగిలించి, చిటికెన వేలు పెదాలకి తగిలేట్టు నిలబడాలి, అంటే జానెడు. ఆ తర్వాత మైకుని పిసరంత పక్కకి తిప్పాలి. నోట్లోంచి వచ్చే గాలి మైకు పక్కనుంచి పోతుంది, శబ్దం మాత్రం మైకుకి అందుతుంది. ఒత్తు ఉంటుంది, దెబ్బ ఉండదు. ఈ ఒక్క ముక్క ముందే తెలిసుంటే ఆ బట్టల షాపు యాడ్ పోయేది కాదేమో.

ఇంకొకటి కూడా ఆవిడ దగ్గరే తెలుసుకున్నాను. మా బ్యాచ్‌లో మహబూబ్‌నగర్ అబ్బాయి, పలాస అమ్మాయి ఉన్నారు. ఇన్‌స్టిట్యూట్ నడిపే సారు వాళ్లిద్దర్నీ యాస పూర్తిగా వదిలెయ్యమని వెంటపడేవారు. పాపం ఆ అమ్మాయి నోరు తెరవడమే మానేసింది. మేడమ్ ఒకరోజు ఆ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని వాళ్ల నాన్నమ్మ ఎలా తిడుతుందో చెప్పమన్నారు. ఆ పిల్ల అందుకుంది చూడండి, ఐదు నిమిషాలు ఆగకుండా. మేం పొట్టలు పట్టుకున్నాం. "వార్తలకి వార్తల భాష నేర్చుకో. ఇది పారెయ్యకు, జేబులో ఉంచుకో" అన్నారు మేడమ్. ఇప్పుడు ఆ అమ్మాయికే అందరికన్నా ఎక్కువ పని వస్తోంది, అదీ ఆ నాన్నమ్మ గొంతుతో.

ఐదో వారం నుంచి సాంకేతిక క్లాసులు. ఇందులో సగం దండగ. రెండు క్లాసులు మైకుల ఫోటోలు చూపించడానికే అయిపోయాయి. న్యూమన్ యూ 87 అంటే లక్షల్లో మాట, దాని గురించి గంటసేపు చెప్పించుకుని నేనేం చేసుకోవాలి? కొనగలిగేది ఆడియో టెక్నికా ఏటీ 2020 లాంటిది. దాన్ని వేరే గదిలో పెట్టి తాళం వేశారు.

కానీ అక్కడి సౌండ్ ఇంజనీరు కుర్రాడు మంచివాడు. క్లాసు అయ్యాక చాయ్ తాగుతూ చెప్పినవే నాకు ఎక్కాయి. "అన్నా, ముందు నీ గదిలో నోరు మూసుకుని పది సెకన్లు రికార్డు చేసి పంపు" అన్నాడు. పంపాను. ఏమీ మాట్లాడని ఆ పది సెకన్ల చప్పుడు మైనస్ 41 డెసిబెల్స్ ఉంది. మైనస్ పక్కన అంకె పెద్దదయ్యేకొద్దీ చప్పుడు తక్కువన్నమాట. ఆడియోబుక్స్ అమ్మే ఆడిబుల్ వాళ్లకి రికార్డింగులు పంపే ఏసీఎక్స్ అనే సైటు అడిగే లెక్క మైనస్ 60 లేదా అంతకన్నా నిశ్శబ్దం, గొంతు సగటు మైనస్ 23కీ మైనస్ 18కీ మధ్య, ఎంత అరిచినా మైనస్ 3 దాటకూడదు. తెలుగులో పని ఇచ్చేవాళ్లందరూ ఇంత లెక్క చూడరు, కానీ దీన్ని పెట్టుకుంటే ఎక్కడా తిరిగి రాదన్నాడు.

నేను ఇంటికెళ్లి గది చుట్టూ అమ్మ కుట్టిన పాత బొంతలు కట్టాను. మళ్లీ కొలిస్తే మైనస్ 42. ఏం తేడా లేదు. ఫోన్ చేస్తే వాడు నవ్వాడు. బొంతలు గది మోగకుండా ఆపుతాయి కానీ బయటి చప్పుడుని ఆపవు, రెండూ వేరు వేరు జబ్బులు అన్నాడు. చప్పట్లు కొట్టి చూస్తే తోక లాగా వెనక వినిపించేది మోగుడు, దానికి బొంత మందు. ఫ్యాను, యూపీఎస్, మా అన్నయ్య ఫ్లెక్స్ మిషను, ఇవి చప్పుళ్లు, వీటికి మందు ఆపెయ్యడమే. యూపీఎస్ బయట పెట్టి, తలుపు కింద సందులో గోనెపట్టా కుక్కి, ఫ్యాను ఆపి, మిషను కట్టేశాక రాత్రి పదకొండు తర్వాత కొలిస్తే మైనస్ 62 వచ్చింది. మే నెలలో ఫ్యాను లేకుండా బొంతల మధ్య కూర్చుని ప్రేమకథ చదవడం ఎలా ఉంటుందో నన్ను అడగండి. మా ఆవిడ తువ్వాలు పట్టుకుని తలుపు బయట కూర్చునేది.

డబ్బింగ్ నేర్పిన సారు అనుభవం ఉన్నాయనే, కానీ క్లాసులో సగం పాత కబుర్లు. కొన్ని వినడానికి బాగుండేవి. రాజశేఖర్ గొంతు అని మనం అనుకున్నది సాయికుమార్ గొంతని, కమల్‌హాసన్ తెలుగులో మాట్లాడింది బాలు గారి గొంతుతోనని అందరికీ తెలిసినవే. మాకు తెలియనిది పాత పద్ధతి. అప్పట్లో సీను రీలుని చిన్న ముక్కలుగా కత్తిరించి, రెండు కొసలూ అతికించి చక్రంలా తిప్పేవారట. అదే లూప్. తెరమీద అదే ముక్క మళ్లీ మళ్లీ వస్తుంటే, సీన్లో ఉన్నవాళ్లంతా ఒకే మైకు చుట్టూ నిలబడి చెప్పాలి. ఒకరు తప్పితే అందరూ మళ్లీ మొదటినుంచి. ఇప్పుడు ప్రో టూల్స్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎవరి ట్రాకు వాళ్లది. ఎదుటి మనిషి లేకుండా ఒక్కళ్లమే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఏడవాలి, నవ్వాలి.

ఆయన చెప్పిన ఒక పాఠం మాత్రం కళ్లకి కట్టినట్టు గుర్తుంది. హిందీ సీరియల్ ముక్క. కోడలు "ముఝే మాఫ్ కర్ దో" అంటుంది. మాకిచ్చిన స్క్రిప్టులో "నన్ను క్షమించు" అని ఉంది. అర్థం సరే, అక్షరాల లెక్క కూడా సరే. అయినా చూస్తుంటే ఏదో ఎబ్బెట్టుగా ఉంది. సారు బొమ్మని ఒక్కో ఫ్రేము కదిలించి చూపించారు. ఆమె పెదాలు మూసుకుని మొదలవుతున్నాయి, "ము" కదా. మన "న"కి పెదాలు తెరిచే ఉంటాయి. మ, ప, బ, ఈ వరసలు చూసేవాడి కంటికి దొరికిపోతాయి, మిగతావి ఎలాగో సర్దుకుంటాయి. "మన్నించు నన్ను" అని తిప్పి చెప్పించారు. టక్కున అతికింది. నేను ఊరుకోకుండా, రెండోచోట "మాఫ్"కి కూడా పెదాలు మూస్తోంది కదా సార్ అన్నాను. ఆయన ఇంకో పది ఫ్రేములు జరిపారు. అప్పటికి కెమెరా అత్తగారి మొహం మీదికి వెళ్లిపోయింది. "అత్తగారు వింటోంది, నీ కోడలి పెదాలు ఎవడికి కావాలి" అన్నారు. ఇలాంటివి ఆయన దగ్గర వంద ఉండుంటాయి. మాకు ఇచ్చినవి నాలుగైదు.

ఇక నా సొంత ఘనకార్యం. పదో వారం బయట స్టూడియోలో ప్రాక్టికల్స్ అన్నారు. మంచి చోటుకి వెళ్తున్నాం కదా అని గంజిపెట్టి ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకెళ్లాను. బూత్‌లో నిలబడి మొదలుపెట్టానో లేదో, టాక్‌బ్యాక్‌లో, అంటే బయట కూర్చున్న ఇంజనీరు మాట హెడ్‌ఫోన్స్‌లో వినిపించే లైన్లో, గొంతు: "అన్నా, ఏదో పేపరు నలుగుతోంది." చేతిలో పేపరు లేదు, స్క్రిప్టు స్టాండు మీద ఉంది. మళ్లీ మొదలు, మళ్లీ అదే. మూడోసారికి ఆయనే లోపలికి వచ్చి నా భుజం మీద చెయ్యివేసి, "చొక్కా అన్నా" అన్నాడు. చెయ్యి ఎత్తినప్పుడల్లా గంజి ఫెళఫెళమంటోంది. చొక్కా విప్పి బనీను మీద చెప్పాను, సాఫ్ట్ డ్రింక్ యాడ్. అద్దం అవతల పదమూడు మంది. ఆ రోజు మైకు నిమిషాలు 14, అందులో ఆరు చొక్కాకే పోయాయి. మెత్తటి పాత నూలు బట్టలు వేసుకురావాలని, గాజులు, వాచీ తీసెయ్యాలని, మరీ ఖాళీ కడుపుతో వస్తే పొట్ట అరిచేది కూడా మైకులో పడుతుందని క్లాసులో ఒక్క మాట చెప్తే ఏం పోయింది?

ఇప్పుడు అసలు గొడవ. చేరేటప్పుడు "అవకాశాలు మా బాధ్యత" అన్నారు. కాగితం మీద లేదు, నోటిమాటే. కోర్సు చివర్లో తెలిసింది, పని ఇచ్చేవాళ్లకి వినిపించే మన గొంతు నమూనా, అదే డెమో రీల్, కోర్సులో భాగం కాదని, దానికి ఇంకో 6,000 అని. నేను కట్టలేదు. ఆ ఇంజనీరు కుర్రాడు చెప్పిన లెక్క ప్రకారం మా గదిలోనే చేసుకున్నాను. సినిమా డబ్బింగ్ అంటే యూనియన్ సభ్యత్వం మాట వస్తుంది. ఆ యూనియన్ అనే మాట ఫీజు మూడు వాయిదాలూ కట్టేదాకా మా చెవిన వెయ్యలేదు. అవకాశాలంటే చివరికి ఒక వాట్సాప్ గ్రూపు. అందులో ఎవరైనా పోస్టు చేసే ఆడిషన్ ప్రకటనలే ఫార్వర్డ్ చేస్తారు. ఒకసారి క్రౌడ్ వాయిస్‌కి పిలిచారు. పెళ్లి సీను, వెనకాల జనం గోల. పొద్దున పదినుంచి రెండింటిదాకా "అక్షింతలేవి, అక్షింతలేవి" అని అరిచాం. 500 అన్నారు. నాలుగు ఫోన్ల తర్వాత, రెండు నెలలకి వచ్చాయి.

అదైనా పర్లేదు. గ్రూపులో ఇంకోటి పెట్టారు: ఇంటి దగ్గర కూర్చుని 2,000 వాక్యాలు చదివి పంపితే 8,000 రూపాయలు. అందరం ఎగబడ్డాం. నాకు ఎలక్షన్ కాంట్రాక్టుల వల్ల కాగితాలు చదివే అలవాటు. ఆ ఫారంలో తొమ్మిదో పాయింటు ఏంటంటే, ఈ గొంతుని శాశ్వతంగా, ఏ రూపంలోనైనా, ఏ కొత్త గొంతు తయారీకైనా వాడుకోవచ్చు, ఇంకెప్పుడూ డబ్బు అడగకూడదు. అంటే ఎనిమిది వేలకి నా గొంతు వాళ్ల కంప్యూటర్లో కాపురం పెట్టేస్తుంది, రేపు ఖమ్మంలో నా చీరల షాపుకి అదే గొంతు తిరిగి అమ్ముతారు. నేను సంతకం పెట్టలేదు. మా బ్యాచ్‌లో ఐదుగురు పెట్టారు, అందులో ఇద్దరు చదవకుండానే. శిక్షణ ఇచ్చే చోటు ఇలాంటి దాన్ని "గోల్డెన్ ఛాన్స్" అని పంపడం నాకు అస్సలు మింగుడు పడలేదు. కాంట్రాక్టు ఎలా చదవాలో మూడు నెలల్లో ఒక్క క్లాసు కూడా లేదు.

ఏఐ గురించి మా ఊళ్లో కూడా మొదలైంది. ఒక పాత కస్టమరు నన్ను మానేసి కంప్యూటర్ గొంతు వాడాడు. చీరల ధర దగ్గర అది "499 స్లాష్ హైఫన్" అని ఊరంతా చెప్పుకుంటూ తిరిగింది. మూడోరోజు మళ్లీ నా దగ్గరికే వచ్చాడు. నవ్వుకున్నాను కానీ, ఆ స్లాష్ తీసి టైపు చెయ్యడం ఎవరైనా నేర్చుకుంటారు, అందుకని పెద్దగా నవ్వలేదు.

కోర్సు అయి ఎనిమిది నెలలు. ఇప్పటిదాకా దీనివల్ల అదనంగా వచ్చింది 26,300. అందులో ఎక్కువ భాగం ఒక ఆడియో యాప్‌లో సీరియల్‌కి లారీ డ్రైవర్ పాత్ర, రెండు ఆసుపత్రుల ఫోన్ గొంతు ("తెలుగు కోసం ఒకటి నొక్కండి"), ఒక ఎరువుల కంపెనీ వీడియో. సినిమా డబ్బింగ్ సున్నా. ఆటో మైకు పని అలాగే ఉంది, కాకపోతే ఇప్పుడు కళ్లే పరీక్షిస్తున్నాం. ఆ బట్టల షాపాయన దసరాకి మళ్లీ ఫోన్ చేశాడు. 30 సెకన్లకి ఆయన పంపిన స్క్రిప్టులో 90 మాటలు ఉన్నాయి. మన తెలుగు మాటలు పొడుగు, నా నోటికి 55 దాటితే పరిగెత్తాల్సి వస్తుంది. కుదించి పంపాను, ఒప్పుకున్నాడు.

చేరాలనుకునేవాళ్లు నన్ను ఫోన్‌లో అడుగుతుంటారు. నేను చెప్పేదొకటే: ముందు ఒక డెమో క్లాసులో కూర్చోండి, బూత్‌లు ఎన్ని, బ్యాచ్‌లో ఎంతమంది అని అడిగి, మైకు ముందు మీకు వారానికి ఎన్ని నిమిషాలు వస్తాయో అక్కడే భాగించండి. ఆ లెక్క అడిగితే ముఖం మాడ్చుకునే చోట డబ్బు కట్టకండి. జీఎస్టీ, డెమో రీల్, స్టూడియో ప్రాక్టికల్స్ అన్నీ రసీదు వెనక రాయించుకోండి. ఈ గొంతు పనికి కొత్తగా వచ్చినవాళ్లకి, అసలు మైకు చూడనివాళ్లకి ఆ పెద్దావిడ లాంటి మనిషి దొరికితే ఫీజు దండగ కాదు. నాలాగా కొంచెం పని తెలిసినవాళ్లకైతే ఆ డబ్బుతో ఓ మాదిరి మైకు కొనుక్కుని, మిగిలినదాంతో చిన్న స్టూడియో గంటల లెక్కన అద్దెకి తీసుకుని, ఇంజనీరుతో కూర్చుంటే ఎక్కువ వస్తుందని నా లెక్క. మేడమ్ అయితే నాకు ఇంకోటి కూడా చెప్పారు, మాకు దగ్గర్లో కొత్తగూడెం ఆకాశవాణి ఉంది కదా, అవసరమైనప్పుడు మాత్రమే పిలిచే క్యాజువల్ అనౌన్సర్ల కోసం ప్రకటన వచ్చినప్పుడు ఆడిషన్‌కి వెళ్లమని. రేడియో నాటకానికి ఆడిషన్ పాసైతే బి గ్రేడుతో మొదలవుతుందట. పేపరు చూస్తూ కూర్చున్నాను.

ఆవిడ ఆ ఇన్‌స్టిట్యూట్‌లో మానేశారని మొన్న తెలిసింది. మా తర్వాతి బ్యాచ్‌కి ఆ నాలుగు వారాలూ రికార్డు చేసిన వీడియోలు వేస్తున్నారట. ఫీజు మాత్రం 42,000 అయింది, జీఎస్టీ అదనం.

నా సర్టిఫికెట్ ఇంకా రాలేదు. ఫోన్ చేసిన ప్రతిసారీ లామినేషన్‌కి ఇచ్చాం, రెండు రోజుల్లో వస్తుంది అంటారు. మా అన్నయ్య షాపులో లామినేషన్ ముప్పై రూపాయలు, ఐదు నిమిషాల పని. కాగితం అలాగే పంపమని మూడుసార్లు చెప్పాను.